వంటింటి సామాను చరిత్ర: ఒక స్టోర్సు ఉద్యోగి లెక్క

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం వారు అడిగారు. రాజుల గురించి, శాసనాల గురించి రాయగల మిత్రులు మన సభ్యుల్లో చాలామందే ఉన్నారు. నేను 1971 నుంచి 2007 వరకు స్టోర్సు విభాగంలో పనిచేసినవాణ్ణి. వచ్చిన సామాను తూచి, ఏ లోహమో చూసి రిజిస్టరులో ఎక్కించడం, పనికిరానిదాన్ని కండెం చేసి వేలానికి పంపడం నా వృత్తి. అంచేత నాకు తెలిసిన దారిలోనే పోయి, మన ఇళ్ళలో వంట చేసే గిన్నెల చరిత్ర రాస్తాను.

దీనికి మరో కారణం కూడా ఉంది. ఈమధ్య మన నెలవారీ సమావేశాల్లో డి.ఏ. బకాయిల తర్వాత ఎక్కువసేపు నడిచే చర్చ గిన్నెల గురించే. సెల్‌ఫోన్లలో రోజుకొక సందేశం వస్తోంది. సత్తు గిన్నె విషమని ఒకరు, నాన్‌స్టిక్ పెనం తక్షణం పారేయమని ఇంకొకరు, కుండలో వండుకుంటే మందులే అక్కర్లేదని మరొకరు. ఆ సందేశాలు చదివి మన మిత్రుడొకరు ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ పాత సామాన్లవాడికి వేసి, వేల రూపాయలు పోసి కొత్త ఇత్తడి సామాను కొన్నారు. లోపల కళాయి ఉందో లేదో మాత్రం చూడలేదు. కొనేవాళ్ళు నష్టపోకుండా ఉండాలంటే ఏ గిన్నె ఎప్పుడు, ఎందుకు మన పొయ్యి మీదికి వచ్చిందో తెలియాలి.

మట్టికుండతో మొదలుపెట్టాలి. దాని వయసు వేల ఏళ్ళలో లెక్క. మా చిన్నప్పుడు, అంటే 1950లలో, పశ్చిమ గోదావరి జిల్లాలోని మా ఊళ్ళో అన్నానికి కుండ, కూరకు చట్టి లేక దాక, వేపుడుకు మట్టి మూకుడు ఉండేవి. పాలకు వేరే కుండ. పెరట్లో దాలిగుంటలో పిడకలు రాజేసి ఆ కుండను పెడితే, పొద్దుటి పాలు సాయంత్రం దాకా సన్నటి సెగ మీద కాగి మీగడ ఎర్రగా కట్టేది. మట్టికి వేడి మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది. ఆ మెల్లదనమే దాని గుణం. అడుగు గుండ్రంగా ఉండడానికి కారణం మూడు రాళ్ళ పొయ్యి. గుండ్రటి అడుగు మూడు రాళ్ళ మీద కదలకుండా కూర్చుంటుంది, మంట చుట్టూ సమంగా తగులుతుంది. బల్లపరుపు అడుగున్న గిన్నె ఆ పొయ్యి మీద తిన్నగా నిలబడదు. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత జరిగిన మార్పుల్లో సగం అర్థమవుతాయి. గిన్నె ఆకారాన్ని ఎప్పుడూ పొయ్యే నిర్ణయించింది.

కుండకు కష్టాలూ ఉన్నాయి. పగిలితే అతుకు లేదు. కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు అన్న సామెత ఊరికే పుట్టలేదు. గ్రహణం విడిచాక పాత కుండలు పారేసి కొత్తవి తెచ్చుకునే ఆచారం చాలా ఇళ్ళలో ఉండేది. చాదస్తమని తర్వాత తరం నవ్వింది గాని, నూనె, పులుసు పీల్చుకున్న కుండ కొన్నాళ్ళకు వాసన వేస్తుంది. మార్చడానికి ఒక సాకు కావాలి. కుమ్మరికీ నాలుగు మెతుకులు దొరకాలి.

మట్టికీ లోహానికీ మధ్య రాయి ఒకటుంది. రాచ్చిప్ప అంటే ఈనాటి పిల్లలకు తెలియదు. మెత్తటి బలపపు రాయిని తొలిచి చేసిన గిన్నె అది. పులుసుకు, చారుకు దాన్ని మించింది లేదని మా నాయనమ్మ వాదన. ఆ వాదనలో పస ఉంది. చింతపండు పులుపు లోహాన్ని తింటుంది, రాయిని తినదు. పొయ్యి మీంచి దించాక కూడా పులుసు చాలాసేపు కుతకుతలాడుతూనే ఉండేది. మంట పెంచితే పగులుతుందనే భయం ఒకటి, బరువు ఒకటి. రెండు చేతులతో పట్టుకుని దించాలి.

ఇక లోహాలు. రాగిలో తగరం కలిస్తే కంచు, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. మంచి కంచులో సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం. కంచం అనే మాట కంచు నుంచి వచ్చిందే. కంచుకు పులుపంటే అంత భయం లేదు గాని, కింద పడితే పగులుతుంది. ఇత్తడి సొట్ట పడుతుందే గాని పగలదు. అందుకే తినడానికి కంచు, వండడానికి ఇత్తడి అన్న విభజన ఏర్పడింది. ఇత్తడికి కావలసిన తుత్తునాగాన్ని రాయి నుంచి తియ్యడం చాలా కష్టం. 907 డిగ్రీల దగ్గర అది ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని పట్టి మళ్ళీ చల్లార్చాలి. రాజస్థాన్‌లోని జావర్‌లో తలకిందులుగా పెట్టిన మట్టి మూసలతో ఆ పనిని వందల ఏళ్ళ కిందటే పెద్ద ఎత్తున చేశారు. ఐరోపాలో అప్పటికి ఎవరూ అంత పని చెయ్యలేదు. స్టోర్సులో తుత్తునాగం దిమ్మలు తూచేటప్పుడు ఈ సంగతి చెబితే మా సూపరింటెండెంటుగారు నమ్మేవారు కాదు.

మన ప్రాంతంలో ఇత్తడి పనికి పేరున్న ఊళ్ళు కొన్ని ఉన్నాయి. తణుకు దగ్గరి అజ్జరం, శ్రీకాకుళం జిల్లాలో బుడితి, తెలంగాణలో జనగామ దగ్గరి పెంబర్తి. పెంబర్తిది ఎక్కువగా రేకు మీద నగిషీ పని. అజ్జరంవి మాత్రం వంటింటికి వచ్చిన గిన్నెలు. గుండిగ, గంగాళం, తపేలా, బిందె, కొప్పెర, బూరెల మూకుడు, సిబ్బి. ఈ పేర్లు వరుసగా చదువుతుంటే ఒక పెళ్ళివారి వంటపందిరి కళ్ళముందు నిలుస్తుంది.

ఇత్తడితో వచ్చిన చిక్కల్లా పులుపుతోనే. మజ్జిగో పులుసో ఒక పూట నిలవ ఉంటే పచ్చటి చిలుం పడుతుంది. అది తింటే వాంతులే. దీనికి మనవాళ్ళు కనిపెట్టిన మందు కళాయి, అంటే లోపలివైపు తగరం పూత. కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చాడంటే పిల్లలందరికీ పండగ. నేలలో చిన్న గుంట తవ్వి, తోలుతిత్తి అమర్చి, బొగ్గులు రాజేసేవాడు. గిన్నె కాగాక నవాసాగరం పొడి చల్లేవాడు. ముక్కుపుటాలు అదిరే తెల్లటి పొగ లేచేది. ఆ పొగతో లోహం మీది మురికి పొర పోతుంది. వెంటనే తగరం కడ్డీ తాకించి దూదితో గిరగిరా తిప్పి తుడిచేవాడు. నల్లటి గిన్నె లోపల ఒక్క క్షణంలో వెండి మెరుపు వచ్చేది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది గనుక ఇదంతా వీధిలో, బొగ్గుల మీద సాధ్యమయింది. ఆ కారణం చేతనే కళాయి గిన్నెను నీళ్ళో నూనో లేకుండా ఉత్తగా మంట మీద వదలకూడదు, పూత కరిగిపోతుంది. తగరం ఖరీదైన సరుకు. అందులో సీసం కలిపి డబ్బు మిగుల్చుకునే ఘనులు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. సీసం ఒంట్లో చేరితే ముందు దెబ్బతినేది చిన్నపిల్లల మెదడు. అంచేత కళాయి వేయించేవారు ముందు మనిషిని చూసుకోవాలి, తర్వాతే ధర.

ఇప్పుడు సత్తు సంగతి. ఈ వ్యాసానికి నేను పూనుకున్నదే ముఖ్యంగా దీని కోసం. అల్యూమినియాన్ని కోస్తాలో సత్తు అంటాం, తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలాచోట్ల సిల్వరు అంటారు. మా వైపు పూర్వం చెల్లని దొంగ రూపాయిని సత్తు రూపాయి అనేవారు. కొత్త లోహానికి ఆ పేరే పెట్టారంటే మొదట్లో దానికి ఎంత మర్యాద జరిగిందో ఊహించుకోవచ్చు. కాని యూరప్‌లో దాని పుట్టుక మహా గొప్పింటిది. 1825లో డెన్మార్కు శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ దాన్ని మొదటిసారి వేరు చేశాడు. తర్వాత అరవై ఏళ్ళపాటు అది అపురూపమైన లోహం. ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ ముఖ్య అతిథులకు అల్యూమినియం చెంచాలూ తక్కినవారికి బంగారం చెంచాలూ పెట్టించేవాడని చెప్పుకుంటారు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే పద్ధతి కనిపెట్టారు. ఖనిజాన్ని కరిగించి విద్యుత్తుతో లోహాన్ని విడదియ్యడం. ఇద్దరూ 1863లోనే పుట్టి 1914లోనే పోయారు, అదొక చిత్రం. వారి పద్ధతితో ధర కుప్పకూలింది.

ఆ తర్వాత పన్నెండేళ్ళకే ఆ లోహం మన వైపు వచ్చింది. మద్రాసు ఇంజనీరింగు కాలేజీలో ఆచార్యుడిగా వచ్చిన ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే దొర, 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ అప్పుడు ఆ రాజధానిలోవే. రేకు సీమ నుంచి వచ్చేది, దాన్ని గిన్నెలుగా కొట్టింది మన పనివాళ్ళు. ఇత్తడి, రాగి గిన్నెల కంటే తేలిక, చవక, కళాయి ఖర్చు లేదు. ఇదీ ఆయన లెక్క. ఆ లెక్క ఫలించింది. 1903లో ఆ వ్యాపారాన్ని ఇండియన్ అల్యూమినియం కంపెనీ అనే ప్రైవేటు కంపెనీకి అమ్మేశారు. ప్రభుత్వం ముందుండి పరిశ్రమ పెట్టి, నిలదొక్కుకున్నాక వ్యాపారులకు అప్పగించడం ఆయన పద్ధతి. ప్రభుత్వ సొమ్ముతో ఇలా పరిశ్రమలు పెట్టడం తగదని 1910లో లండన్‌లోని ఇండియా మంత్రి మోర్లీ అడ్డం కొట్టాడు. అలా చూస్తే, ప్రభుత్వరంగం ఉండాలా వద్దా అని మన సర్వీసు పొడుగునా విన్న వాదన మన దేశంలో సత్తు గిన్నెల దగ్గరే ఒకసారి జరిగిపోయింది. మనలో చాలామంది జీతాలు ప్రభుత్వరంగం పెట్టినవే గనుక ఈ ఘట్టాన్ని కొంచెం ఎక్కువగా రాశాను.

రేకు కాక లోహమే మన దేశంలో తయారవడానికి 1943 దాకా ఆగవలసి వచ్చింది. ఆనాటి తిరువాన్కూరు సంస్థానంలో, ఆలువా దగ్గర ఆలుపురంలో, మొదటి కర్మాగారం పనిచెయ్యడం మొదలుపెట్టింది. 1962లో ఉత్తరప్రదేశ్‌లోని రేణుకూట్‌లో హిండాల్కో వచ్చింది. హిండాలియం అని మన ఇళ్ళలో పేరుపడ్డ మందపాటి గిన్నెల పేరు దాని నుంచే. అల్యూమినియంలో మెగ్నీషియం, మాంగనీసు వంటివి కలిపి గట్టిపరిచిన మిశ్రమలోహం అది.

సత్తు గిన్నె మా ఇంట్లోకి దొడ్డిదారినే వచ్చింది. మడికి పనికిరాదని మా నాయనమ్మ తీర్పు. పాలేళ్ళకు గంజి కాచడానికి, పశువులకు కుడితి పెట్టడానికి ముందు వాడారు. తర్వాత మా అమ్మ కుంపటి మీద కాఫీ నీళ్ళకు ఒక చిన్న గిన్నె తెచ్చుకుంది. నీళ్ళు ఎంత తొందరగా కాగుతున్నాయో చూసిన మర్నాటి నుంచి నాయనమ్మ ఏమీ అనలేదు. వేడిని చేరవేసే శక్తిలో రాగి మొదటిది, అల్యూమినియం రెండోది. రాగిని 400 అనుకుంటే అల్యూమినియం సుమారు 235, ఇత్తడి 110, పోత ఇనుము 50, స్టెయిన్‌లెస్ స్టీలు 15. ఈ వరుస ఒక్కటి గుర్తుంటే కొట్లో అమ్మేవాడు చెప్పే కబుర్లలో ముప్పాతిక వినక్కర్లేదు. సత్తు బరువు ఇత్తడి బరువులో మూడోవంతే. మోకాళ్ళూ మణికట్లూ నొప్పులు పుట్టే మన వయసులో అది చిన్న విషయం కాదు.

దాని లోపం మళ్ళీ పులుపే. చింతపండు పులుసో టమాటా పప్పో అందులో నిలవుంచితే గిన్నె గుంటలు పడుతుంది, లోహం కొంత కూరలోకి దిగుతుంది. దించగానే వేరే గిన్నెలోకి వంచుకుంటే చాలు. పెద్దవయసులో వచ్చే మతిమరుపు జబ్బుకు సత్తు గిన్నెలే కారణమన్న మాట మన సభ్యుల్లో చాలామందిని భయపెడుతోంది. వంటగిన్నెల వల్ల ఆ జబ్బు వస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. భయపడవలసింది ఏ పేరూ, ఏ ముద్రా లేని పోతసామాను విషయంలో. ఎక్కడెక్కడి తుక్కో కరిగించి పోసిన గిన్నెల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, దిగుమతి అయిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం రకం గిన్నెల నుంచి సీసం ఊరుతోందని హెచ్చరిక చేసింది. అమెరికాలో ఉన్న పిల్లల కోసం పెట్టెల్లో గిన్నెలు సర్దుకుపోయే తల్లిదండ్రులు మనలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. సంతలో తూకానికి కొన్నవి తీసుకువెళ్ళవద్దు.

స్టీలు కథ 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మొదలయింది. తుపాకీ గొట్టాలు అరగకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతున్న హ్యారీ బ్రియర్లీ, క్రోమియం కలిపిన ఉక్కుకు తుప్పు పట్టడం లేదని గమనించాడు. మన ఇళ్ళలోకి అది జోరుగా వచ్చింది 1960, 70లలో. నా పెళ్ళి 1974లో. మా మామగారు ఇచ్చిన సారెలో ఇత్తడి సగం, స్టీలు సగం. మా చెల్లెలి పెళ్ళి 1981లో. దానికి అంతా స్టీలే. ఏడేళ్ళలో తిరిగిపోయింది. 1980ల మొదట్లో తమిళనాడులోని సేలం ఉక్కు కర్మాగారం స్టెయిన్‌లెస్ రేకు తయారీ మొదలుపెట్టాక, గిన్నె అడుగున సేలం అని ముద్ర ఉంటే అదొక హోదా. మధ్యాహ్నం పూట పాత బట్టల మూట నెత్తిన పెట్టుకుని స్టీలు సామానమ్మా అంటూ ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చేవారు. రెండు జరీ చీరలకు ఒక గిన్నె. అరుగు మీద ఆ బేరం గంటసేపు నడిచేది. మేం స్టోర్సులో వేలంపాట నడిపినా అంత నేర్పుగా నడపలేదు.

ఆ రోజుల్లోనే ఇత్తడి, కంచు తూకానికి పోయాయి. ఇప్పుడు అందరూ అయ్యో అంటున్నారు. పత్రికల్లో కంచు గిన్నె పప్పు రుచి గురించి కన్నీళ్ళు పెట్టుకుంటూ రాసేది సాధారణంగా మగవాళ్ళు. ఆ గిన్నెల్ని చింతపండుతో, ఇటుకపొడితో, కొబ్బరిపీచుతో, నూతిగట్టున చలిలో కూర్చుని తోమినది మన అమ్మలూ అత్తలూ. మసి పట్టకుండా ముందు అడుగుకు మట్టి పూయాలి, తర్వాత ఆ మట్టి గీకాలి. స్టీలు గిన్నె వచ్చిన రోజున వారు ఊపిరి పీల్చుకున్నారు. వారిని తెలివితక్కువవాళ్ళని అనే హక్కు మనకు లేదు.

కాని స్టీలు వేడిని సరిగా పంచదు. పైన చెప్పిన వరుసలో దానిది అట్టడుగు స్థానం. పల్చటి స్టీలు గిన్నెలో పాలు పొంగేలోపే అడుగు అంటుతుంది. అందుకే 1939లో అమెరికాలో రివియర్ కంపెనీ స్టీలు గిన్నెకు రాగి అడుగు తొడిగి అమ్మింది. మన దగ్గరా రాగి అడుగు గిన్నెలు వచ్చాయి. చాలావాటికి రాగి వేసింది కాగితమంత మందం, అందానికి తప్ప వేడికి కాదు. ఇప్పుడు స్టీలు పొరల మధ్య అల్యూమినియం పెట్టి చేసే గిన్నెలు వస్తున్నాయి. ధర ఎక్కువైనా ఆ పద్ధతిలో అర్థముంది.

స్టీలు కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడడం మనవాళ్ళకు అలవాటు. అంటుకోకపోతే మంచి స్టీలని కొట్టువాడు చెప్పేవాడు. 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు ఉన్న మేలురకం అంటుకోని మాట నిజమే. నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన చవకరకం కూడా అంటుకోదు. అంచేత ఆ పరీక్ష చెల్లదు. పైగా ఇప్పుడు ఇండక్షన్ స్టవ్ వచ్చింది. దాని మీద అయస్కాంతం అంటుకునే అడుగుంటేనే గిన్నె కాగుతుంది. నలభై ఏళ్ళు అంటుకోకూడదని వెతికినవాళ్ళం ఇప్పుడు అంటుకోవాలని వెతుకుతున్నాం.

ప్రెషర్ కుక్కర్‌ది పాత వంశం. 1679లో లండన్‌లో ఉన్న ఫ్రెంచి శాస్త్రవేత్త డెనీ పాపాన్ ఎముకలు మెత్తబడేదాకా ఉడికించే పాత్ర చేసి చూపించాడు. దాని రక్షణ కోసం అమర్చిన కవాటం తర్వాత ఆవిరియంత్రాలకూ పనికొచ్చింది. లోపల ఒత్తిడి పెరిగితే నీళ్ళు 100 దగ్గర కాక సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అందుకే కందిపప్పు అంత తొందరగా ఉడుకుతుంది. మన దేశంలో ప్రెస్టీజ్, హాకిన్స్ రెండూ 1959లో రంగంలోకి దిగాయి. మధ్యతరగతి ఇళ్ళకు చేరడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. మన ఆఫీసుల్లో పండగ అడ్వాన్సు తీసుకుని కుక్కర్ కొన్నవారు ఎందరో. కొ-ఆపరేటివ్ సొసైటీ వాయిదాల మీద తెచ్చుకున్నవారు ఇంకెందరో. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో పొద్దున ఎనిమిదిన్నరకల్లా క్యారియర్ కట్టగలిగారంటే అది కుక్కర్ పుణ్యమే. ఆడవారి ఉద్యోగాల చరిత్ర రాసేవారు దీన్ని వదిలేస్తే ఆ చరిత్ర అసంపూర్ణం. పోయిందల్లా గంజి. సిబ్బి పెట్టి వార్చిన అన్నం, అందులో ఉప్పు వేసి పిల్లలకు ఇచ్చిన వేడి గంజి, చీరలకు పెట్టిన గంజి, అన్నీ ఆ విజిల్‌తో వెళ్ళిపోయాయి. కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. సంబంధించిన ప్రమాణం నంబరు 2347. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు కూడా ముద్ర ఉండాలని 2024 మార్చిలో కేంద్రం ప్రకటించింది. రబ్బరు వలయం, రక్షణ కవాటం అసలు కంపెనీవే వెయ్యండి. పది రూపాయలకు దొరికేవి వెయ్యకండి.

గిన్నెల అడుగులు చదునెక్కింది గ్యాసుతో. కిరోసిన్ స్టవ్‌తోనే ఆ మార్పు మొదలయిందనాలి. 1965లో కలకత్తాలో ఇండేన్ మొదటి కనెక్షన్ ఇచ్చారు. మా ఇంటికి గ్యాసు వచ్చింది 1984లో, పేరు నమోదు చేసుకున్న చాలా ఏళ్ళకు. మన రాష్ట్రంలో పేద ఇళ్ళకు 1999లో దీపం పథకంతో వెళ్ళింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. పొగ పోయింది, మసి పోయింది. గుండ్రటి అడుగున్న ఇత్తడి గుండిగలు గ్యాసు స్టవ్ మీద ఊగుతూ అటకెక్కాయి.

నాన్‌స్టిక్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 1938 ఏప్రిల్‌లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ వేరే ప్రయోగం చేస్తుంటే సిలిండరులో తెల్లటి పొడి మిగిలింది. అదే టెఫ్లాన్. 1954లో ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ భార్య సలహా మీద దాన్ని పెనానికి అతికించాడు. నూనె తక్కువ తినమని డాక్టరు చెప్పినవారికి అట్ల కోసం ఒక పెనం ఉంటే తప్పులేదు. ఉత్తి పెనం మంట మీద వదలకూడదు. 260 డిగ్రీలు దాటితే పూత చెడడం మొదలవుతుంది, ఇంకా కాగితే విషపు పొగ వస్తుంది. ఆ పొగకు పంజరంలో చిలకలు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. పూర్వం దాని తయారీలో వాడిన పి.ఎఫ్.ఓ.ఏ. అనే రసాయనాన్ని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిషేధ జాబితాలో చేర్చారు. పూత లేచిన పెనాన్ని మా భాషలో చెప్పాలంటే కండెం చెయ్యవలసిందే. రిపేరు లేదు.

ఇనుము గురించి ఇంతవరకు రాయలేదు. నా మనసులో మొదటి మార్కు దానికే. ఇనప పెనం, ఇనప మూకుడు తరాల తరబడి అలాగే ఉన్నాయి. నూనె రాసి కాల్చగా కాల్చగా నల్లటి పొర ఏర్పడి అట్టు దానంతట అదే లేస్తుంది. 1999లో లాన్సెట్ పత్రికలో ఇథియోపియా పిల్లల మీద జరిపిన పరిశీలన ఒకటి వచ్చింది. సత్తు గిన్నెలో వండినవి తిన్న పిల్లల కంటే ఇనప కుండలో వండినవి తిన్న పిల్లలకు రక్తహీనత తగ్గింది. మన ఇళ్ళలో ఆడపిల్లలకు రక్తం తక్కువన్న మాట ఎన్నిసార్లు వింటున్నాం! మూకుడులో ఆకుకూర వేయించి, దించగానే వేరే గిన్నెలోకి తీస్తే చాలు. తడి ఆరనిచ్చి నాలుగు చుక్కల నూనె రాసి పెట్టుకోవాలి.

ఇద్దరే ఉన్న ఇంటికి ఎన్ని గిన్నెలు కావాలని మిత్రులు అడుగుతున్నారు. మా ఇంట్లో ఇప్పుడు పొయ్యెక్కేవి ఆరు. మూడు లీటర్ల కుక్కర్, ఇనప పెనం, ఇనప మూకుడు, పాలకు మందపాటి అడుగున్న స్టీలు గిన్నె, పులుసుకు మరో స్టీలు గిన్నె, కాఫీకి సత్తు గిన్నె. కుండలో వండుకోవాలనుకునేవారు రంగు, మెరుగు పూసినవి కొనకుండా మామూలు ఎర్రకుండ తెచ్చుకుని, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, మొదట గంజి కాచి వాడండి. పెద్ద ఇత్తడి సామాను ఇద్దరికి అక్కర్లేదు.

ఆ అక్కర్లేనిదాన్ని ఏం చెయ్యాలన్నదే మా ఇంట్లో పెద్ద తగువైంది. 1998లో మా అమ్మ పోయాక అటక మీది సామాను దించితే పదహారు వస్తువులు, నలభై ఒక్క కిలోలు. అన్నిటినీ తూకానికి వేసి నలుగురం పంచుకుందామని తమ్ముడు. ‘బావగారూ, ఇవి మేం ఎక్కడ పెట్టుకుంటాం? మా ఫ్లాటుకు అటక కూడా లేదు’ అని మరదలు. ఆమె మాటలో న్యాయముంది. ‘అత్తయ్యగారి చేతి మీదుగా వచ్చినవి, కొట్లో తక్కెడలో చూడలేను’ అని మా ఆవిడ. అందులోనూ న్యాయముంది. స్టోర్సువాణ్ణి గనుక నేను ముందు జాబితా రాయడానికి కూర్చున్నాను. గిన్నెల అంచులకు పట్టిన మురికి చింతపండుతో తోమి చూస్తే ఒక్కొక్కదాని మీదా అక్షరాలు. ఆ రోజుల్లో కొన్న గిన్నెకు పేరు కొట్టించేవారు కదా. గుండిగ మీద మా నాయనమ్మ పేరు, 1936. ఒక తపేలా మీద మా మేనత్త పేరు, 1948, పుట్టింటివారు అని. ఆమె పన్నెండేళ్ళకే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఆ తపేలా ఆమెతోపాటే తిరిగి వచ్చిందన్నమాట. ఆ సంగతి మా అన్నదమ్ములెవరికీ తెలియదు. ఒక కంచు గిన్నె మీద మాకెవరికీ తెలియని పేరు ఉంది, బహుశా తాకట్టుకు వచ్చి విడిపించుకోక ఉండిపోయింది. జాబితా చదివి వినిపించాక తమ్ముడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి ఏడు వస్తువులు తూకానికి వెళ్ళాయి, తొమ్మిది ఉన్నాయి. మేనత్తగారి తపేలా మరదలే అడిగి తీసుకుంది.

ఆనాటి ఆడవారి పేర్లు సర్వే రికార్డుల్లో, పట్టాల్లో అరుదుగా కనబడతాయి. గిన్నెల మీద ఉన్నాయి. అందుకని ఒక మనవి. మీ ఇళ్ళలో పాత సామాను ఉంటే, ఉంచుకున్నా అమ్మినా సరే, ముందు అంచు తుడిచి దాని మీది పేరు, సంవత్సరం, ఊరు ఉంటే ఊరు, బరువు, లోహం ఒక కాగితం మీద రాసి మన సంఘం ఆఫీసుకు పంపండి. రిజిస్టరు నేను తెరిచాను. మొదటి పదహారు పద్దులు మా ఇంటివి.